వెండికి తడి కావాలి

బట్టల దుకాణానికి పోతే ఈమధ్య బనియన్ల డబ్బాల మీద, సాక్సుల మీద, ఆటలకు తొడుక్కునే టీషర్టుల మీద ఒక మాట తరచుగా కనిపిస్తున్నది. ‘99.9 శాతం క్రిములను చంపుతుంది’ అని. కరోనా కాలంలో మాస్కుల మీద జోరుగా అచ్చయిన ఈ మాట తర్వాత దుప్పట్లు, దిండు గలీబుల దాకా పాకింది. అలాంటి గుడ్డల్లో కొన్నింటికి పూసేది అచ్చమైన వెండే. కంటికి ఆననంత సన్నని వెండి నలుసులను నూలుకు పట్టిస్తారు. దీన్నే నానో వెండి అంటున్నారు. ఈ సంగతి మన ఉత్తర తెలంగాణకు దూరపు వార్తేమీ కాదు. ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పత్తి పండుతుంది. 2016 దాకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్న సిరిసిల్లలో వేల సాంచాల (మరమగ్గాల) మీద గుడ్డ నేస్తారు. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పత్తి, గుడ్డ, వెండి మూడూ ఉన్న చోట, మన గుడ్డకు వెండి పూత వేస్తే గిరాకీ పెరగదా అని ఎవరికైనా అనిపిస్తుంది. రోజూ కట్టుకునే బట్టలకు ఆ పూత అక్కర్లేదని నా అభిప్రాయం. వెండి పనిచేయదని కాదు, బాగా పనిచేస్తుంది. అయితే అది పనిచేయడానికి కావలసిన రెండు వసతులు ఒంటి మీది బట్టలో సరిగా దొరకవు, ఉతికితే మాత్రం ఆ వెండి నీళ్లలోకి పోతుంది. నా వాదమంతా ఈ ఒక్క సంగతి మీద నడుస్తుంది.

ముందు వెండికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న వెండి ముక్క తూకం పదిన్నర గ్రాములు, అంటే దాదాపు తులం. దాని ఆరు ముఖాలూ కలిపితే ఆరు చదరపు సెంటీమీటర్లు. అదే ముక్కను పది నానోమీటర్ల ముక్కలుగా కోశామనుకోండి, అంటే మీటరులో పది కోట్ల వంతు ఉన్న ముక్కలుగా. అప్పుడు ఆ ముక్కల ముఖాలన్నీ కలిపి 600 చదరపు మీటర్లవుతాయి, మన లెక్కలో ఏడు వందల గజాల జాగా. వెండి అదే తులం, పెరిగింది దాని పైభాగం. కరీంనగర్ పనివాళ్లు కూడా వెండిని కమ్మచ్చులో దూర్చి దూర్చి వెంట్రుకలాంటి తీగ లాగుతారు. కొంచెం వెండితో పెద్ద పళ్లెమంత అల్లిక పుట్టేది అందుకే. నానో వెండిలోనూ కిటుకు అదే, కాకపోతే ఇక్కడ సన్నదనం పనివాడి చేతికి, కంటికి అందని మేరకు పోయింది. పైభాగం ఎందుకు కావాలంటే, వెండి తన ఒంటితో బాక్టీరియాను చంపదు. పైభాగంలో ఉన్న పరమాణువులు గాలిలోని ఆక్సిజన్ తగిలి, నీటి తడిలో కొద్దికొద్దిగా అయాన్లుగా కరుగుతాయి. విద్యుదావేశం ఉన్న ఆ వెండి అయాన్లు బాక్టీరియా పొరకు అంటుకుంటాయి, లోపలి ప్రోటీన్లలో గంధకం ఉన్న చోటును పట్టుకుని వాటి పనిని ఆపేస్తాయి. ఊపిరి ఆడించే ఎంజైములు మూతబడితే ఆ కణం బతకదు.

ఈ వివరణలో రెండు మాటలు పట్టుకోండి. ఒకటి తడి, రెండోది సమయం. కరగడానికి నీళ్లు కావాలి, చంపడానికి గంటలు కావాలి. వెండి వైద్యంలో గెలిచిన చోట్లన్నీ ఈ రెండూ ఉన్న చోట్లే. 1880 ప్రాంతంలో జర్మన్ వైద్యుడు కార్ల్ క్రెడే పసిపిల్లల కళ్లలో వెండి నైట్రేట్ చుక్కలు వేసి, పుట్టేటప్పుడు సోకే కంటి జబ్బును, దానితో వచ్చే గుడ్డితనాన్ని బాగా తగ్గించాడు. కన్ను తడిగా ఉండే అవయవం. 1960ల చివరలో వచ్చిన సిల్వర్ సల్ఫాడయజీన్ మలాం కాలిన గాయాలకు నేటికీ మన ఆస్పత్రుల్లో రాస్తారు. కాలిన పుండు రోజుల తరబడి నీరూరుతుంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఒకటుంది, ఏ.ఆర్.సి.ఐ. అని పిలుస్తారు. ఆ సంస్థ నానో వెండి పట్టించిన సిరామిక్ క్యాండిల్ తయారు చేసి, కరెంటు అవసరం లేని మంచినీటి ఫిల్టరుకు వాడేలా చేసింది. అందులో నీళ్లు పింగాణి సందుల్లోంచి చుక్కచుక్కగా, నిదానంగా దిగుతాయి. ప్రతి చుక్కా వెండిని రాసుకునే దిగాలి. అదే సంస్థ బెంగళూరులోని రెసిల్ కెమికల్స్‌తో కలిసి గుడ్డకు పట్టించే నానో వెండి ద్రావణం మీద కూడా పనిచేసింది. కాబట్టి ఈ విద్య ఎక్కడో అమెరికాలో మాత్రమే ఉన్నదనుకోవద్దు, తెలుగు నేల మీదే ఉన్నది. క్యాండిల్‌లో అది సరైన చోట కూర్చుంది. చొక్కాలో కూర్చుందా అన్నదే చూడాలి.

చొక్కాకు వెండి ఎట్లా ఎక్కిస్తారో ఒకసారి దగ్గరనుంచి చూద్దాం. సాంచ మీదినుంచి దిగిన గుడ్డను శుభ్రం చేసి, అద్దకం అయ్యాక, వెండి నలుసులు కలిపిన నీళ్ల తొట్టిలోంచి లాగుతారు. తొట్టి దాటగానే రెండు రబ్బరు రోలర్లు దాన్ని గట్టిగా పిండుతాయి. ఎంత పిండితే అంత లెక్కగా ద్రావణం గుడ్డలో మిగులుతుంది. ఆ తర్వాత స్టెంటర్ అనే పొడవాటి వేడి గదిలోంచి గుడ్డ రెండంచులూ పట్టి లాగినట్టు పోతుంది, నూరు డిగ్రీలు దాటిన వేడిలో ఆరి గట్టిపడుతుంది. పత్తి నూలుకైతే వెండి నలుసు ఎంతో కొంత తనంతట తాను పట్టుకుంటుంది. పాలిస్టర్ నున్నగా ఉంటుంది, పట్టు దొరకదు. అందుకని బైండర్ అనే జిగురు పదార్థం కలపాలి. ఇంకో పద్ధతి ఉంది. పాలిస్టర్ పోగు తీయకముందే, కరిగిన ముద్దలోనే వెండి కలిపేస్తారు. ఈ పద్ధతిలో వెండి పోగు కడుపులో ఉంటుంది కనుక తొందరగా ఊడదు. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఊడని వెండి, కరగని వెండి, క్రిమి దాకా పోదు. క్రిమిని చంపాలంటే వెండి పోగును విడిచి బయటికి రావాలి. బయటికి వచ్చిన వెండి మళ్లీ గుడ్డలోకి పోదు. గట్టిగా పట్టి ఉంచితే పని తగ్గుతుంది, పని బాగా చేస్తే తొందరగా ఖర్చవుతుంది. ‘జీవితాంతం పనిచేసే పూత’ అని డబ్బా మీద చదివినప్పుడు ఈ చిక్కు గుర్తుంచుకుంటే చాలు.

ఇక ఆ 99.9 శాతం మాట. అది అబద్ధం కాదు, పరీక్షలో నిజంగానే వస్తుంది. కాకపోతే ఆ పరీక్ష ఎట్లా చేస్తారో తెలియాలి. చేతి రుమాలులో చిన్న ముక్కంత గుడ్డ తీసుకుంటారు. దాని మీద బాక్టీరియా కలిపిన ద్రవం పోసి తడిపి, ఆవిరైపోకుండా మూతపెట్టి, వెచ్చగా దాదాపు రోజంతా, సాధారణంగా 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. తర్వాత బతికి ఉన్నవాటిని లెక్కిస్తారు. అంటే తడి, సమయం రెండూ ధారాళంగా ఇచ్చి పెట్టిన పరీక్ష అది. నర్సు చొక్కా మీద రోగి తుమ్మిన తుంపర పడితే అది నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరిన చోట వెండి కరగదు. ఈ తేడా ఊహ కాదు, ఆస్పత్రిలో పరీక్షించారు కూడా. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు ఐసీయూలో పనిచేసే 40 మంది నర్సులకు మూడు రకాల దుస్తులు మార్చి మార్చి తొడిగించారు. ఒకటి మామూలుది, ఒకటి పోగులో వెండి మిశ్రమం ఉన్నది, ఇంకొకటి వేరే క్రిమిసంహారక పూత ఉన్నది. ఎవరికి ఏ రకం ఇచ్చారో వాళ్లకు చెప్పలేదు. డ్యూటీకి ముందు, తర్వాత దుస్తుల మీద క్రిములను లెక్కించారు. 2017లో వెలువడిన ఫలితం ఇది: మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆస్పత్రిలో, అందునా ఐసీయూలో, క్రిములకు లోటు లేని చోట తేలనిది ఇంట్లో బనియను మీద తేలుతుందని నమ్మడానికి కారణం ఏమిటి?

చెమట కూడా తడే కదా, ఎండాకాలం మన ఒంటి మీది బట్ట తడవకుండా ఉంటుందా అని మీరు అడగవచ్చు. నిజమే, ఇది గట్టి ప్రశ్న. అయితే చెమట వట్టి నీళ్లు కాదు. ఉప్పు ఉంటుంది, ప్రోటీన్లు ఉంటాయి. ఉప్పులోని క్లోరైడు వెండి అయాన్‌ను పట్టుకుని సిల్వర్ క్లోరైడుగా మారుస్తుంది. అది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. బ్లీచింగ్ పొడి వేసి ఉతికినా అదే మార్పు. ప్రోటీన్లు మరికొంత వెండిని కట్టిపడేస్తాయి. అందువల్ల మంచినీటిలో పరీక్షిస్తే వచ్చే బలం చెమటలో రాదు. సున్నా అని నేను అనను. కొంత పని జరుగుతుంది, కొత్త గుడ్డలో వాసన కొంత తగ్గవచ్చు కూడా. ఆ కొంత పని ఎన్నాళ్లు అన్నది ఉతుకుల లెక్క తేలుస్తుంది.

ఉతికినప్పుడు ఏమవుతుందో మొదట బాగా లోకానికి తెలిపినవాళ్లు అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రాయ్ బెన్, పాల్ వెస్టర్‌హాఫ్. 2008లో వాళ్లు బజారులో దొరికే వెండి సాక్సులు ఆరు రకాలు కొని సబ్బు లేని స్వేదనజలంలో నానబెట్టి కదిలించారు. కొన్ని సాక్సులు నాలుగైదు ఉతుకుల్లోనే ఉన్న వెండిని దాదాపు అంతా వదిలేశాయి. కొన్ని ఏమీ వదలలేదు. ధర చూసి, పేరు చూసి ఏది ఏ రకమో చెప్పడం కుదరదు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లో ఎంపా అనే సంస్థవాళ్లు సబ్బు కలిపి, యంత్రంలో తిప్పి చూశారు. ఒక్క ఉతుకులో పోయిన వెండి, గుడ్డను బట్టి, ఒక శాతం కన్నా తక్కువనుంచి 45 శాతం దాకా ఉంది. బయటికి వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం పెద్ద నలుసులే. అంటే కరిగి పోవడం కన్నా రాపిడికి రాలిపోవడం ఎక్కువ. బండకేసి బాది ఉతికే మన పద్ధతిలో రాపిడి ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. మొత్తం మీద జరుగుతున్నదేమిటంటే, ఒంటి మీద ఆరిన గుడ్డలో ఊరకే కూర్చున్న వెండి బకెట్టులోకి, అక్కడినుంచి మోరీలోకి పోతున్నది. మనం డబ్బు పెట్టి కొన్న క్రిమిసంహారకం మన ఒంటి మీద కన్నా మురికి కాలువలో ఎక్కువ పని వెతుక్కుంటున్నది.

మురికి కాలువలో పనిచేస్తే తప్పేమిటి అని ఒక ఆక్షేపణ ఉంది. దానికి శాస్త్రం వైపునుంచి గట్టి ఆధారం కూడా ఉంది, దాచడం న్యాయం కాదు. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడటం మనకు తెలుసు. అది వెండి సల్ఫైడు. గాలిలో లేశమాత్రంగా ఉన్న గంధకమే ఆ పని చేస్తుంది. మురుగునీటిలో గంధకం ఇంకా ఎక్కువ, గాలి తక్కువ. మురుగు శుద్ధి కేంద్రాల్లోకి వచ్చిన నానో వెండి చాలావరకు ఇట్లాగే సల్ఫైడుగా మారి అడుగు బురదలో చేరుతుందని పరిశోధనలు చూపాయి. సల్ఫైడు దాదాపు కరగదు కనుక దాని విషం బాగా తక్కువ. యూరప్ నగరాల సంగతి ఇది, అక్కడ దీన్ని నేను ఒప్పుకుంటాను. కానీ ప్రతి మోరీ చివరా శుద్ధి కేంద్రం ఉన్నప్పుడే ఈ ధైర్యం. ఊరి చెరువు గట్టున, వాగులో, మానేరు ఒడ్డున ఉతికిన గుడ్డలోంచి రాలిన వెండి గాలి ఆడే పారే నీటిలోకి నేరుగా దిగుతుంది. చేపపిల్లలకు, నీటి ఈగలకు, నాచుకు వెండి అయాన్ చాలా కొద్ది మోతాదులో కూడా హాని చేస్తుంది. సిరిసిల్ల పక్కనుంచి పారే ఆ మానేరే మిడ్ మానేరు దాటి, దిగువ మానేరు జలాశయంలో చేరి కరీంనగర్ పట్టణానికి తాగునీరవుతుంది. తాగే మనిషికి అందులోని వెండి వల్ల ముప్పు అని నేను అనడం లేదు, అంత మోతాదు రాదు. నీళ్లలో బతికే వాటి సంగతి వేరు.

ఇంకో ఆక్షేపణ మరో స్విస్ పరిశోధక బృందానిది. 2011లో వాళ్లు వెండి టీషర్టు పుట్టుక నుంచి పారేసేదాకా అయ్యే పర్యావరణ ఖర్చు లెక్కగట్టారు. అందులో ఉతికినప్పుడు రాలే వెండి భారం చిన్నదని, ఎన్నిసార్లు ఉతుకుతామన్న దాన్ని బట్టి ఆ ఖర్చు బాగా మారుతుందని తేలింది. వాసన రాని టీషర్టును తక్కువసార్లు ఉతికితే లాభమే కదా అని దాని సారాంశం. చలి దేశంలో, వేడినీటి యంత్రంలో ఉతికి, కరెంటు డ్రయ్యర్‌లో ఆరబెట్టేవారికి ఈ లెక్క సరిపోతుంది. మన దగ్గర బట్టను ఆరబెట్టేది ఎండ, దానికి బిల్లు రాదు. పైగా మనం ఉతికేది వాసన కోసం ఒక్కటే కాదు. దుమ్ము, ఉప్పు చారలు, బొగ్గు మసి, పత్తి చేన్లో కొట్టిన మందు, వీటిలో దేన్నీ వెండి పోగొట్టదు. వెండి ఉన్నది కదా అని పురుగుమందు పడిన చొక్కా రెండో రోజు కూడా తొడుక్కుంటే అది మేలు కాదు, కీడు.

అసలు చొక్కా ఎందుకు కంపు కొడుతుంది? చెమటకు తనంతట తనకు వాసన దాదాపు ఉండదు. చర్మం మీద, గుడ్డ మీద ఉన్న బాక్టీరియా ఆ చెమటను, ఒంటి జిడ్డును తిని వదిలే పదార్థాలది ఆ వాసన. ఏ గుడ్డ మీద ఏ బాక్టీరియా పెరుగుతుందన్నది పోగును బట్టి మారుతుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో 26 మందిని గంటసేపు కదలని సైకిలు తొక్కించి, వాళ్ల టీషర్టులను 28 గంటలు మూసి ఉంచి, వాసన పసిగట్టడంలో తర్ఫీదు ఉన్నవాళ్ల చేత చూపించారు. 2014లో అచ్చయిన ఫలితంలో పాలిస్టర్ టీషర్టులు పత్తి వాటికన్నా స్పష్టంగా ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ అనే దుర్వాసన పుట్టించే బాక్టీరియా పాలిస్టర్ మీద తెగ పెరిగింది, పత్తి మీద అంతగా పెరగలేదు. పాలిస్టర్‌కు నీళ్లంటే పడదు, నూనె అంటే ఇష్టం. ఒంటి జిడ్డును పట్టుకుని ఉతికినా ఒక పట్టాన వదలదు. పత్తి నీటిని తాగుతుంది. మామూలు గాలిలో ఉన్న పత్తి తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో ప్రతి సీజన్‌లో గొడవ ఈ గుణం మీదే. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొననే కొనదు. పొద్దున్నే మంచులో తెచ్చిన బండి మీటరు పెట్టగానే రైతు మొహం మాడుతుంది. ఏ గుణం యార్డులో రైతుకు కోత పెడుతున్నదో, బనియన్‌గా మారాక ఆ గుణమే తొడుక్కున్నవాడి చెమటను తాగుతున్నది. పాలిస్టర్ నేసి, అది తెచ్చిన కంపుకు వెండి పూయడం కన్నా కంపు తక్కువ పుట్టే పోగును నేయడం సులువు. ఆ పోగు మన ఆదిలాబాద్‌లోనే పండుతున్నది, జిన్నింగ్ మిల్లులో బేళ్లు కట్టించుకుని దూర రాష్ట్రాల స్పిన్నింగ్ మిల్లులకు లారీలెక్కి పోతున్నది.

బొగ్గు గనుల కార్మికుల మాటేమిటి అనేవారున్నారు. గోదావరిఖనిలోనో, మంచిర్యాల వైపునో ఓపెన్‌కాస్ట్ గనిలో 45 డిగ్రీల ఎండలో డంపర్ నడిపేవాడికి, ఎనిమిది గంటలు బరువైన యూనిఫాంలో మగ్గేవాడికి గజ్జల్లో తామర, పాచిన చర్మం మామూలే. వెండి బట్ట వాళ్లకు ఊరట కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. దేశమంతటా గత పది పదిహేనేళ్లలో మొండి తామర విపరీతంగా పెరిగింది. చర్మ వైద్యులు చెబుతున్న కారణాల్లో ముఖ్యమైనవి మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ కలిపిన మలాములు, బిగుతుగా ఉండే సింథటిక్ బట్టలు, ఇంటిల్లిపాదీ ఒకే తువ్వాలు వాడటం. తామర ఫంగస్ జబ్బు. దాని బీజాలు బాక్టీరియా కన్నా మొండివి, చర్మపు పొరలో దాక్కుని ఉంటాయి. ఆరీ ఆరని బట్టలోని వెండి అక్కడిదాకా చేరదు. వేడి మాత్రం చేరుతుంది. 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే బట్టలోని తామర బీజాలు చచ్చిపోతాయి, చన్నీళ్లలో చావవు. మన రజకులు వెనకట చౌడు మట్టి పట్టించి, బట్టీ మీద ఆవిరిలో ఉడికించి, ఎర్రటి ఎండలో ఆరేసేవారు. బాక్టీరియా పేరు వినకపోయినా వాళ్లు చేసింది శుద్ధి. గని కార్మికుడికి వదులైన పత్తి యూనిఫాం మూడు జతలు, వేడినీటి లాండ్రీ, సరైన చర్మ వైద్యుడు దొరికితే ఏ పూతా అక్కర్లేదు. యాజమాన్యాలకు పూత బట్ట ఒక్కటి ఇచ్చి చేతులు దులుపుకోవడం తేలిక కావచ్చు, అది వేరే సంగతి.

ఇక వెండికి మరో గండం ఉంది. ఏ క్రిమిసంహారకమైనా చావనంత కొద్దిగా, రోజూ తగులుతూ ఉంటే బాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి కాలిన గాయాల వార్డులో 1970లలోనే వెండి నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా కనిపించింది, 1975లో ఆ వివరం అచ్చయింది. వెండిని బయటికి తోసేసే ఆ జన్యువులను 1999 నాటికి విడదీసి చదివారు కూడా. ఇవి ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారే రకం. ఆస్పత్రుల్లో వెండికి లొంగని క్రిములు ఇప్పటికీ అరుదే, కాబట్టి భయపెట్టడానికి చెప్పడం లేదు. యాంటీబయాటిక్‌ల విషయంలోనూ మొదట్లో అరుదే అనుకున్నాం. కాలిన గాయాల రోగికి పనికొచ్చే ఔషధాన్ని సాక్సుల కంపు మీద ఖర్చు పెట్టడం నాకు సబబుగా తోచదు. జర్మనీలో ఆహార, వినియోగ వస్తువుల ముప్పును అంచనా వేసే ప్రభుత్వ సంస్థ కూడా దాదాపు పదిహేనేళ్ల కిందటే, రుజువులు చాలినంత లేనందున, నానో వెండిని రోజువారీ వస్తువుల్లో వాడవద్దని సలహా ఇచ్చింది.

వీటన్నిటికన్నా బరువైన ఆక్షేపణ సిరిసిల్లది. పాతికేళ్లుగా ఆ ఊరి కష్టం అందరికీ తెలుసు. 2017 నుంచి 2023 దాకా, బతుకమ్మ పండుగకు సర్కారు ఏటా పంచిన కోటి దాకా చీరల ఆర్డరు సాంచాలను నడిపింది. సర్కారు ఆర్డరు ఉంటే పని, లేకపోతే సాంచాలున్న ఆసాములు, కార్మికులు చేతులు కట్టుకు కూర్చోవాలి. మీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చే పూత ఏదైనా దొరికితే వద్దనడానికి ఊరి బయట ఉన్నవాళ్లకు హక్కేమిటి అని ఎవరైనా అడిగితే, ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ నాలుగు రూపాయలు ఎవరికి పోతాయో చూడాలి. అద్దకం కాని గ్రే గుడ్డ దింపేవాడికి పోవు. ద్రావణం అమ్మే రసాయన కంపెనీకి, స్టెంటర్ ఉన్న ప్రాసెసింగ్ మిల్లుకు, డబ్బా మీద పేరు అచ్చేసే బ్రాండుకు పోతాయి. సాంచ మీద మీటరుకు వచ్చే కూలి పూతతో మారదు. నేతగాడికి విలువ పెరిగేది నేతలో, నూలులో, అద్దకంలో. ఆస్పత్రులకు కావలసిన గాజుగుడ్డ, బ్యాండేజీ, ఆపరేషన్ గదుల పచ్చ గుడ్డ, ఇవన్నీ పత్తి నేతలే. వెండి పట్టించిన గాయపు కట్టు కూడా పత్తి మీదే కట్టవచ్చు. తడి గాయం మీద రోజుల తరబడి ఉండే కట్టుకు వెండి పనికొస్తుంది, అక్కడ తడీ ఉంది, సమయమూ ఉంది. దానికి 2017 వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సు కావాలి, శుభ్రమైన గది కావాలి, పరీక్షల ఖర్చు ఉంటుంది. తేలిక దారి కాదు. కానీ ఒకసారి ఆ మెట్టు ఎక్కితే పండుగ ఆర్డరు కోసం ఎదురుచూడనక్కర లేని గిరాకీ అది.

ఇంత చెప్పినా బ్రాండువాళ్ల ఆర్డరు రేపు రావచ్చు, కాదనలేని పరిస్థితి ఉండవచ్చు. అప్పుడు ఎట్లా ఒప్పుకోవాలన్నది మిగతా దేశాలను చూసి నేర్చుకోవచ్చు. యూరప్ సంఘంలో 2013 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, క్రిములను చంపుతుందని చెప్పి అమ్మే గుడ్డ మీద ఏ పదార్థం వాడారో రాయాలి, అది నానో రూపంలో ఉంటే ఆ మాట కూడా రాయాలి. అమెరికాలో ఇది పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. హైక్యూ అనే స్విస్ కంపెనీ నానో వెండికి అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2011 డిసెంబరులో షరతులతో అనుమతి ఇస్తే, 2013లో అక్కడి అప్పీలు కోర్టు దాన్ని కొంతమేర కొట్టేసింది. పసిపిల్లలు ఆ గుడ్డను తొడుక్కుని, నోట్లో పెట్టుకుని చప్పరిస్తే ఎంత వెండి లోపలికి పోతుందన్న లెక్కలో, ఈపీఏ తాను పెట్టుకున్న గీత మీదే తాను నిలబడలేదని కోర్టు అన్నది. ఇంకో కంపెనీ నానో వెండికి ఈపీఏ 2015లో ఇచ్చిన అనుమతిని అదే కోర్టు 2017లో పూర్తిగా రద్దు చేసింది. దానివల్ల ప్రజలకు మేలు అన్న మాటకు రుజువు చూపలేదని కారణం. మన ఆసామి కోర్టుకు పోనక్కర్లేదు, ఆర్డరు కాయితం మీద నాలుగు మాటలు రాయించుకుంటే చాలు. కిలో గుడ్డకు ఎన్ని మిల్లీగ్రాముల వెండి, పరీక్ష కొత్త గుడ్డ మీదా లేక ఇరవై ఉతుకుల తర్వాతా, పూత పోయిందని సరుకు తిరిగొస్తే నష్టం ఎవరిది. నాలుగోది అందరూ మరిచిపోయేది. రోజు పని ముగిశాక తొట్టి అడుగున మిగిలే ద్రావణం. గుడ్డ ఉతికితే రాలే వెండి లేశమాత్రం, తొట్టిలో మిగిలింది చిక్కని వెండి నీళ్లు. దాన్ని మోరీలోకి వంపకుండా పీపాలో పట్టి, ద్రావణం అమ్మినవాడే తిరిగి తీసుకుపోవాలని, తీసుకుపోయిన తారీఖు, లీటర్లు చిట్టాలో ఎక్కించాలని అదే కాయితంలో రాయించుకోవాలి.